పసుపుతో ఆరే మంట కాదిది

మా ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో పసుపు గురించి ఒక్క మాట అనాలన్నా జంకాల్సిందే. ఆర్మూరు, బాల్కొండ చేలల్లో తవ్విన కొమ్ములు ఉడికి, ఎండి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరితేనే ఎన్నో ఇళ్లల్లో పెళ్లిళ్లూ చదువులూ. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు ఇక్కడ పోటీకి నిలబడ్డారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. ఆ రైతుల మీద నాకున్నది గౌరవమే. నా పేచీ పంటతో కాదు, పంట పేరు చెప్పి చెలామణీ అవుతున్న ఒక నమ్మకంతో. అల్జీమర్స్ అంటే మెదడులో వాపేనట. పసుపు వాపును తగ్గిస్తుందట. కాబట్టి రోజూ పసుపు తినే మనకు యాదిమరుపు భయం లేదట, వచ్చినా పసుపు గోలీలతో పోతుందట. చదువుకున్నవాళ్లే ఈ మాటను గట్టిగా చెబుతున్నారు. ఇది తప్పు. ఎవరికీ హాని చేయని తప్పు కూడా కాదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిన అవ్వను పసుపు పాలు తాగించి ఇంట్లోనే కూర్చోబెట్టే తప్పు.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంత బలంగా నాటుకుంది. అల్జీమర్స్‌లో మెదడు వాపు పాత్ర నిజమే. దోమకాటుతో పిల్లలకు వచ్చే మెదడువాపు జ్వరం వేరు, ఇది వేరు. ఇందులో జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి లోలోపలే సాగుతుంది. అలోయిస్ అల్జీమర్ 1906లో తన రోగి అగస్టే డేటర్ చనిపోయాక ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, నాడీకణాల లోపలి చిక్కుముళ్లూ బయటి మచ్చలూ మాత్రమే కాదు, చుట్టూ ఉండే గ్లియా కణాల్లోని మార్పులు కూడా గమనించి రాశాడు. తర్వాత శాస్త్రం చూపంతా మచ్చల మీదికే పోయింది. మచ్చల్లోని అమిలాయిడ్ అనే ప్రొటీనే మూలమని 1992లో సిద్ధాంతం వచ్చింది. ఆ దారిలో పుట్టిన లెకానెమాబ్ అనే మందు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందింది. అది పద్దెనిమిది నెలల్లో జబ్బు ముదరడాన్ని 27 శాతం నెమ్మదింపజేసింది. 18 పాయింట్ల కొలమానంలో ఆ తేడా అర పాయింటు కూడా లేదు. మచ్చలు చాలావరకు పోయినా జబ్బు ఆగలేదంటే కథలో ఇంకెవరో ఉన్నారని అర్థం.

ఆ ఇంకెవరో గ్లియా కణాల్లో ఒక రకం, మైక్రోగ్లియా. చెరుకు తోటకు అడవిపందులు రాకుండా కాపలా కాసే మనిషిలాంటివి ఇవి: చెత్త ఎత్తేస్తాయి, సూక్ష్మజీవులను మింగేస్తాయి, అమిలాయిడ్ ముద్దల చుట్టూ గుమిగూడి అవి వ్యాపించకుండా కట్టడి చేస్తాయి. ఏళ్లు గడిచి అలసిపోతే, రెచ్చిపోతే, అవే నాడీకణాల మధ్య బంధాలను తెంపుతాయి. 2013లో రెండు పరిశోధక బృందాలు ట్రెమ్2 అనే జన్యువులో ఒక మార్పును పట్టుకున్నాయి. ఆ మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు. ఆ మార్పు చేసేది మైక్రోగ్లియాను రెచ్చగొట్టడం కాదు, బలహీనపరచడం. కాపలా గట్టిగా ఉన్నప్పుడు కాదు, సడలినప్పుడే జబ్బు పెరిగింది. ‘వాపు చెడ్డది, తగ్గిస్తే మంచిది’ అనే లెక్క ఇక్కడే తప్పుతుంది. ఏ దశలో, ఏ కణం, ఏం చేస్తోందన్నది తెలియకుండా మొత్తంగా అణచిపారేయడం వైద్యం కాదు.

ఇది నా ఊహ కాదు, పరీక్షకు నిలబెట్టి చూసిన సంగతి. కీళ్లవాతానికి ఏళ్లపాటు వాపు తగ్గించే మందులు వాడేవాళ్లలో అల్జీమర్స్ తక్కువగా కనిపిస్తోందని కెనడా శాస్త్రవేత్త పాట్రిక్ మెక్‌గీర్ 1990లోనే చూపించాడు. అందరిలో ఆశ పుట్టింది. 2001లో అమెరికాలో అడాప్ట్ అనే పరీక్ష మొదలైంది. డెబ్బై దాటిన, కుటుంబంలో ఈ జబ్బు ఉన్న రెండున్నర వేల మందిని తీసుకుని కొందరికి నాప్రాక్సెన్, కొందరికి సెలికాక్సిబ్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెకు ముప్పన్న భయంతో 2004 డిసెంబరులో మందులు ఆపేశారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ మందులు జబ్బును అడ్డుకోలేదని తేలింది. రక్తంలోకి సరిగ్గా చేరే, వాపును నిజంగా తగ్గించే మందుల గతే ఇది.

ఇక పసుపు. అందులో పనిచేస్తుందని చెప్పే కర్కుమిన్ సుమారు మూడు శాతం. తిన్నదాంట్లో చాలావరకు పేగులు దాటదు, దాటిన కాస్తనూ కాలేయం విరిచేస్తుంది. అల్జీమర్స్ రోగుల మీద హాంకాంగ్‌లో 34 మందితో చేసిన పరీక్ష ఫలితం 2008లో, అమెరికాలో 36 మందితో చేసినది 2012లో వచ్చాయి. రెంటిలోనూ మేలు కనబడలేదు. అమెరికా పరీక్షలో ఇచ్చినది రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాముల కర్కుమిన్. రెండు గ్రాములు కావాలంటే మన ఇంటి పసుపు అరవై గ్రాములకు పైగా మింగాలి. పప్పులో పడేది చిటికెడు. మిరియాలు కలిపితే ఇరవై రెట్లు ఒంటబడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. 1998లో బెంగళూరులో అలాంటి ఫలితం వచ్చిన మాట నిజమే. ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు ఎంతో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. అలా గాఢత పెంచిన గోలీలతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. కూరలో పసుపుకు ఆ ప్రమాదం లేదు, ఈ మహిమా లేదు.

మరి భారతదేశంలో అల్జీమర్స్ తక్కువంటారే? ఆ మాటకు మూలం హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో 1990లలో జరిగిన సర్వే. అక్కడ జబ్బు చాలా తక్కువగా కనిపించింది. కారణాలుగా ఆ పరిశోధకులు తక్కువ ఆయుర్దాయాన్ని, జబ్బు వచ్చినవాళ్లు త్వరగా చనిపోవడాన్ని ఎత్తిచూపారు. పసుపు కథ తర్వాత అతికించింది. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉంది. వాళ్లంతా పసుపు తిన్నవాళ్లే.

మన ఇళ్లల్లో ఈ జబ్బు ముప్పును పెంచుతున్నవేమిటో మా జిల్లాలోని బోధన్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో యంత్రాల హోరు మధ్య బతుకు గడిపినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటారు. చెవి సరిగ్గా వినబడకపోవడం, ఒంటరితనం, షుగరు, బీపీ, బీడీ, సారా: 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు చెప్పిన పద్నాలుగు కారణాల్లో ఇవన్నీ ఉన్నాయి. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ నివేదిక అంచనా. ఇంకో సంగతి మన దగ్గర ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లో క్లైవ్ హోమ్స్ బృందం మూడు వందల మంది అల్జీమర్స్ రోగులను ఆరు నెలలు గమనించి 2009లో తేల్చింది: మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ లాంటిది వచ్చినవాళ్ల మతి, రానివాళ్లతో పోలిస్తే రెట్టింపు వేగంతో తరిగిపోయింది. ఒంట్లో ఎక్కడో రేగిన మంట మెదడులో అప్పటికే రెచ్చి ఉన్న మైక్రోగ్లియాకు చేరుతుంది. పడకపుండు, చిగుళ్ల చీము, మూత్రంలో మంట... వాపు మీద యుద్ధం చేయాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సిన చోట్లు ఇవి.

బీపీ సంగతే చూడండి. చైనాలో 326 పల్లెల్లో సుమారు 34 వేల మంది బీపీ రోగులతో చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది. పరీక్షకు ఎంచుకున్న పల్లెల్లో ఊరి వైద్యులే గోలీలు సరిగ్గా వేయించి, బీపీని అదుపులో పెట్టారు. నాలుగేళ్లలో మిగతా పల్లెలతో పోలిస్తే ఆ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తగ్గింది. ఆ గోలీలు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. వాటికి పండుగ లేదు, ప్రచారం లేదు.

మన నేల గొప్పతనమే చెప్పుకోవాలనుకుంటే దానికీ దారి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, తుది రుజువు కాదు. అయినా తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసిన బోధన్ బజారుకు పసుపు గోలీల ప్రకటనకన్నా ఇదే దగ్గరి చుట్టం.

1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం, నయం చేస్తామని ప్రచారం చేయకూడని జబ్బుల పట్టికలో మెదడు జబ్బులనూ, చెవుడునూ, మధుమేహాన్నీ చేర్చింది. పసుపు ప్యాకెట్ మీద ‘జ్ఞాపకశక్తికి రక్ష’ అని అచ్చేసేవాళ్లకు ఆ చట్టాన్ని గుర్తుచేసే పని పసుపు బోర్డే తీసుకోవాలి. పసుపును రంగు కోసం, రుచి కోసం, వాసన కోసం అమ్ముకుంటే చాలు. అబద్ధం బయటపడ్డ రోజు ధర పడిపోయి దెబ్బతినేది రైతే. ఇంట్లో పెద్దవాళ్లకు మతి తప్పడం మొదలైతే, ముఖ్యంగా రెండు మూడు రోజుల్లోనే తేడా కనిపిస్తే, మూత్రపరీక్ష, షుగరు, థైరాయిడ్, బి12 చూపించాలి. వాటిలో దొరికే కారణాలకు చాలావరకు మందులున్నాయి.