నాలుగు వస్తువులు చాలు

మీ బాబో పాపో ప్లాస్టిక్ విమానం మోడల్ కిట్ అడిగితే, వెంటనే ఇరవై పనిముట్ల సెట్టు కొనేయకండి. జిగురు, ఆక్రిలిక్ రంగులు కాక నాలుగు వస్తువులు చాలు: భాగాలను ఫ్రేమ్ నుంచి కత్తిరించడానికి మంచి నిప్పర్, అంచులు నునుపు చేయడానికి సన్నరకం ఉప్పుకాగితం, రెక్కలకు ఒక ఫ్లాట్ బ్రష్, మిగతావాటికి మొన చెదరని 2వ నంబరు రౌండ్ బ్రష్. వెంట్రుకంత సన్నని బ్రష్ మీద రంగు మోడల్‌ను తాకేలోపే ఆరిపోతుంటుంది.

బ్రష్‌ను వెంటనే నీళ్లతో కడిగే బాధ్యత పిల్లలకే అప్పగించండి. కత్తి అవసరమైన చోట మీరే కోసివ్వండి; మిగతా పనిలో చెయ్యి పెట్టకండి. పెద్దల చేతిపని టీచర్లకు ఇట్టే తెలిసిపోతుంది. రెక్క కాస్త వంకరగా ఉన్నా, వాళ్లు అతికించిందే మాకు ముద్దు.