పన్ను మనది, పుస్తక మేది?

ఇంటిపన్ను రసీదును తుదివరకు చదువువారు మనలో తక్కువ. మొత్తము చూచి, సొమ్ము కట్టి, కాగితమును మడిచి పెట్టెలో వేయుదుము. పద్దు పద్దుగా చూచుట వర్తకులకు అలవాటు గనుక మేము చూచితిమి. ఆ రసీదులో గ్రంథాలయపు సెస్సు అని యొక పద్దు కలదు. తమిళనాడులో దాని రేటు ఆస్తిపన్నుపై రూపాయికి పది పైసలు. ఏటికి నాలుగువేల రూపాయల పన్ను చెల్లించు ఇల్లు గ్రంథాలయము నిమిత్తము నాలుగువందలు చెల్లించుచున్న దన్నమాట. అద్దె ఇండ్లలో ఉన్నవారు ఇది తమకు సంబంధింపదని తలపవలదు. పన్నును అద్దెలో కలుపని యజమానిని మేమింతవరకు చూడలేదు.

ఈ సొమ్ము చందా కాదు, దానమును కాదు. ఒక్క పనికొఱకే చట్టము ప్రకారము వసూలు చేయబడు సొమ్ము. పంచాయతీలు, మునిసిపాలిటీలు, కార్పొరేషనులు దీనిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయాధికార సంఘమునకు (ఇచ్చటివారు ఆణైక్కుళు అందురు) అప్పగింపవలెను. మధ్యవర్తి చేతిలోని సొమ్మును మధ్యవర్తి తన సొమ్మువలె వాడుకొనరాదనునది మా బజారులో చిన్న గుమాస్తాకును తెలిసిన నియమము. కాని స్థానిక సంస్థల ఖజానాలో కటకట వచ్చినపుడు మొదట నిలిచిపోవునది ఈ పద్దే. కొంత అప్పగించుట, కొంత నిలుపుట, లెక్క తేలకుండ ఏండ్లు గడచుట అనునవి ఒక్క రాష్ట్రపు సంగతి కాదు. కర్ణాటకమున 1965వ సంవత్సరపు చట్టము క్రింద నూటికి ఆరు వంతున ఈ సెస్సు వసూలగుచున్నది. బెంగుళూరు నగరపాలక సంస్థ గ్రంథాలయ శాఖకు పెద్ద మొత్తములు బాకీపడిన సంగతి పలుమార్లు పత్రికలలో వచ్చినది. తెలుగు రాష్ట్రములలో రూపాయికి ఎనిమిది పైసలు. అచ్చటి జిల్లా గ్రంథాలయ సంస్థలును పురపాలక సంఘములనుండి రావలసిన బాకీల కొఱకు ఎదురుచూచుట వాడుకయే. కావున ఇది తెలుగువారియెడ ఎవరికో గల పగ అని మనలో కొందఱు ఆవేశపరులు చెప్పు మాటను మేము అంగీకరింపము. పగ లేకుండగనే మనకు నష్టము కలుగుచున్నది. అది యెట్లో చెప్పెదము.

గ్రంథాలయమునకు రావలసినది తగ్గినపుడు దేనిని తగ్గింతురు? జీతములు తగ్గింపరాదు. విద్యుచ్ఛక్తి బిల్లు, భవనపు అద్దె కట్టకున్న తలుపులు మూయవలెను. ఖాళీయైన ఉద్యోగమును నింపకుండుట ఒక మార్గము. అందుచేతనే ఒక గ్రంథపాలకుడు రెండు శాఖలు చూచుచు ఉదయము ఒకచోట, సాయంకాలము మఱియొకచోట తలుపు తీయుట కనబడుచున్నది. తరువాత పుస్తకముల పద్దు, పత్రికల పద్దు కోతకు వచ్చును. ఆ కోతలో ఎక్కువమంది చదువు భాషను నిలిపి, తక్కువమంది చదువు భాషను తీసివేయుదురు. అధికారి దృష్టిలో ఇది న్యాయమైన పొదుపు. పది తమిళ పత్రికలలో ఒకటి తీసివేసిన తొమ్మిది మిగులును. ఉన్న ఒక్క తెలుగు పత్రికను తీసివేసిన మిగులున దేమి?

మా పట్టణపు శాఖా గ్రంథాలయములో జరిగిన దిదియే. పూర్వ మచ్చట రెండు తెలుగు దినపత్రికలు, ఒక వారపత్రిక వచ్చుచుండెడివి. కొంతకాలమునకు వారపత్రిక ఆగినది, దినపత్రికలు ఒకటియైనవి. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన గ్రంథాలయములు మూతపడినవి గదా, తిరిగి తలుపులు తీసినపుడు తమిళ, ఆంగ్ల పత్రికలు వచ్చినవి గాని మన పత్రిక రాలేదు. అడిగితిమి. గ్రంథపాలకుడు మర్యాదస్థుడు. బల్లమీది కాగితములు చూపి, తనకు మంజూరైన జాబితాలో అది లేదని చెప్పెను. ప్రొద్దున్నే కాలినడకను వచ్చి ఆ ఒక్క పత్రికను వంతులవారీగా చదువుకొను మన పెద్దలు కొన్నాళ్లు ఊరకే వచ్చి కూర్చుండిరి, తరువాత మానివేసిరి. కన్ను మసకబారి, ఫోనులోని చిన్న అక్షరములు చదువలేనివారికి ఆ బల్ల, ఆ పెద్ద కాగితము తప్ప వేరు దిక్కు లేదు.

ఇక పుస్తకముల బీరువా సంగతి. నాలుగు అరలు కలవు. పాత నవలలు, పురాణములు, కొన్ని జీవిత చరిత్రలు. ఇరువది యేండ్లుగా అందులో క్రొత్త పుస్తకము చేరినట్లు కానరాదు. పిల్లలకు పనికివచ్చు బొమ్మల పుస్తకము ఒక్కటియు లేదు. అపరాధ పరిశోధక నవలలు చాల కలవు గాని వానిలో సగమునకు తుది పుటలు లేవు. హంతకు డెవడో మా పట్టణములో ఎవరికిని తెలియు నవకాశము లేదు.

ఈ బీరువాను గుఱించి అధికారులు చెప్పునది ఒకటే: "మీ పుస్తకములను తీసికొని పోవువారు లేరు, రిజిస్టరు చూడుడు." రిజిస్టరు చూచితిమి. వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. కాని సరుకు తెప్పింపని కొట్టుకు గిరాకి యెట్లు వచ్చును? ఇరువది యేండ్ల నాటి నిల్వను అరలో పెట్టి, కొనువారు రాలేదు గనుక ఇకమీద తెప్పింపమని చెప్పు దుకాణదారుని ఏమందుము? క్రొత్త పుస్తకము లేదు గనుక పాఠకుడు రాడు. పాఠకుడు రాలేదు గనుక క్రొత్త పుస్తకము లేదు. ఈ చక్రము ఇట్లే తిరిగిన కొన్నియేండ్లకు ఆ బీరువాయు స్థలము చాలదని తీసివేయబడును. అప్పుడు కాగితముపై ఎవరిని తప్పుపట్టుటకును వీలుండదు.

ఈ చక్రమును మన దేశములో అందఱికంటె ముందుగా గుర్తించిన పెద్ద మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా 1924లో చేరిన రంగనాథన్ గారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రములలో, ప్రతి పాఠకునికిని తన పుస్తకము దొరకవలెననునది ఒకటి. ప్రతి పుస్తకమునకును దాని పాఠకుడు దొరకవలెననునది మఱియొకటి. పాఠకుడు వచ్చువఱకు ఊరకుండుమని ఆయన చెప్పలేదు, పాఠకుని వెదకి చేరుమనెను. ఆయన కృషి ఫలితముగనే 1948లో, అవినాశిలింగం చెట్టియారుగారు విద్యామంత్రిగా ఉండగా, మదరాసు ప్రజా గ్రంథాలయ చట్టము వచ్చినది. ఈనాటి సెస్సునకు మూల మదే. ఆ నాడు కోస్తా జిల్లాలు, రాయలసీమ, బళ్ళారి అన్నియు మదరాసు రాష్ట్రములోనివే. అనగా ఆ చట్టము తమిళుల కెంతయో తెలుగువారికిని అంతయే. రాష్ట్రములు విడిపోయినపుడు, ఇచ్చట నిలిచిపోయిన మన పెద్దలు పన్నునుండి విడివడలేదు గదా!

గ్రంథాలయములను గుఱించి తెలుగువారికి ఇతరులు నేర్పవలసినది లేదు. నిజాము రాజ్యములో తెలుగునకు ఆదరణ లేని కాలమున, 1901లో, హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును మనవారు స్థాపించిరి. 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర తిరిగి గ్రంథాలయములు పెట్టించిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు పెట్టి గ్రామములకు పంపిరి. పడవ ప్రయాణికులు దిగువఱకు చదువుకొని తిరిగి ఇచ్చివేయుచుండిరట. ఇంతకంటె చక్కగా పాఠకుని వెదకిన ఉదాహరణ మాకు తెలియదు.

ఇది విని కొందఱు మిత్రులు, "అట్లయిన మనమే పెట్టుకొందము, ప్రభుత్వము నేల అడుగవలెను?" అనుచున్నారు. వారి ఉత్సాహమునకు నమస్కారము. కాని హైదరాబాదులో, బెజవాడలో ఆ పని చేసిన నాటి పెద్దలు గ్రంథాలయపు పన్ను కట్టుచుండలేదు. మనము కట్టుచున్నాము. ఒకసారి కట్టిన ధరకు సరుకు పుచ్చుకొనకుండ, మఱల చేతిసొమ్ముతో అదే సరుకును కొనుట ఔదార్య మనిపించుకొనదు. మఱియొక సంగతి. సంఘములు పెట్టు గ్రంథాలయముల ఆయుర్దాయము మన మెఱుగనిది కాదు. పూనుకొనిన పెద్ద బ్రదికి యున్నంతకాలము తాళము తీయబడును. ఆయన తరువాత బీరువాలు కల్యాణమండపపు మేడమీదికి, అచ్చటనుండి పాతకాగితముల వానికి చేరును. జీతము పుచ్చుకొని తలుపు తీయు మనిషి, ఏటేట వచ్చు సొమ్ము లేనిదే గ్రంథాలయము నిలువదు. మహారాష్ట్రములోని మనవారి సంగతి వేరు. అచ్చటి 1967వ సంవత్సరపు చట్టములో సెస్సు లేదు. సంఘములు నడుపు గ్రంథాలయములకు తరగతి నిర్ణయించి ప్రభుత్వము గ్రాంటు ఇచ్చును. షోలాపురమువంటి చోట్ల స్వంత గ్రంథాలయము పెట్టుకొనుట తగిన మార్గమే. ఇచ్చట కాదు.

"చెన్నపట్టణములో అన్ని పుస్తకములును ఉన్నవి గదా" అను సమాధానము ఇంకొకటి. నిజమే. 1896లో తెఱచిన కన్నెమరా గ్రంథాలయమునకు 1954వ సంవత్సరపు చట్టము ప్రకారము దేశములో అచ్చగు పుస్తకముల ప్రతులు చేరవలెను. అందులో తెలుగునకును చోటు కలదు. తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రములు కలవు. మనము గర్వింపవలసినదే. కాని హోసూరులో అయిదవ తరగతి చదువు పిల్లవాడు బొమ్మల కథల పుస్తకము కొఱకు మూడువందల కిలోమీటర్లు పోవునా? 2006వ సంవత్సరపు చట్టము వచ్చినది మొదలు బడిలో తమిళము నిర్బంధమైనది. మైనారిటీ భాషలవారు న్యాయస్థానములలో మినహాయింపులకై తిరుగుచునే యున్నారు. తమిళము నేర్చుటకు మాకు అభ్యంతరము లేదు, అది మనకు అన్నము పెట్టిన భాష, మా లెక్కపుస్తకములు సగము ఆ భాషలోనే యున్నవి. అయితే బడిలో తెలుగక్షరము కనబడని పిల్లలకు, ఇంటివెలుపల అది కనబడు చోటు ఆ నాలుగు అరలే. అదియు పోయిన తరువాత ఇంటిలో మాటలాడు తెలుగు ఎన్ని తరములు నిలుచునో మీరే ఊహింపుడు.

ఫోనులో అన్నియు దొరకుననువారికి ఒక్కమాట. వెదకుట తెలిసినవానికి దొరకును. అక్షరము రాని పిల్లవాడు ఏమని వెదకును?

తమిళ పాఠకులనుండి మనము నేర్వవలసినది కలదు. 2010 సెప్టెంబరులో కోట్టూరుపురమున అన్నా శతాబ్ది గ్రంథాలయము తెఱువబడినది. మఱుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని పిల్లల ఆసుపత్రిగా మార్ప తలపెట్టినది. పాఠకులు, రచయితలు ఊరకుండలేదు, ఉన్నత న్యాయస్థానమునకు పోయి ఆపించిరి. నేడది నిండుగా నడచుచున్నది. 2023 జూలైలో మదురైలో మఱియొక పెద్ద గ్రంథాలయము వెలసినది. అడిగిన వారికి దొరకినది. మన మడిగినది ఎప్పుడు? తమ పేర గ్రంథాలయపు చీటీ ఉన్న తెలుగువారు చేయి యెత్తవలసినదని మొన్నటి మా సర్వసభ్య సమావేశములో కోరగా లేచిన చేతులు ఆఱు!

అడుగవలసినది ఎంత కొంచెమో లెక్క వేసి చూచితిమి. ఒక పట్టణమున మూడువందల తెలుగు ఇండ్లు, సగటున రెండువేల రూపాయల పన్ను అనుకొందము. ఆ ఇండ్ల సెస్సు ఏటికి అరువదివేలు. ఒక తెలుగు దినపత్రిక రోజునకు ఏడు రూపాయల వంతున సంవత్సరమునకు రెండువేల అయిదువందల చిల్లర. రెండువందల రూపాయల వంతున ఏబది పుస్తకములు పదివేలు. రెండును కలిపి మనము చెల్లించినదానిలో ఇంచుమించు అయిదవ వంతు. మిగిలిన నాలుగు వంతులు జీతములకు, భవనమునకు, తమిళ, ఆంగ్ల గ్రంథములకు పోవుగాక. వానిని మన పిల్లలును చదువుచున్నారు గదా.

కావున మా సంఘము నిశ్చయించిన దిది. మన పట్టణములో గత అయిదేండ్లలో వసూలైన సెస్సు ఎంత, అప్పగించిన దెంత, నిలిచిన దెంత అని 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుచున్నాము. ఒక దినపత్రిక, ఏబది పుస్తకములు, వానిలో సగము పిల్లలవి, కావలెనని జిల్లా గ్రంథాలయాధికార సంఘమునకు వినతిపత్రము సిద్ధమైనది. శాఖా గ్రంథాలయములలో పాఠకుల వలయములు (వాసగర్ వట్టము) కలవు. వానిలో మనవారు కొందఱైన చేరవలెను. జాబితాలు పంపునపుడు సలహా చెప్పు అవకాశ మచ్చటనే యుండును. అంతకంటె ముఖ్యముగా, ప్రతి ఇంటినుండి ఒక్కరైన చీటీ తీసికొని, ఆ తుదిపుటలు లేని నవలనైనను ఇంటికి తెచ్చి గడువులోగా తిరిగి ఇచ్చుచుండుడు. రిజిస్టరులో అంకె పెరుగనిదే మన వినతిపత్రమునకు బలము లేదు.

వినతిపత్రముతో జతపఱచుటకు ఈ సంవత్సరపు పన్ను రసీదుల నకళ్లు కావలెను. వచ్చు ఆదివారము సాయంకాలము లోపల సంఘ కార్యాలయములో గుమాస్తాకు అందజేయవలెను. అద్దె ఇండ్లవారు యజమాని నడిగి నకలు తెచ్చినను చాలును.