యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఆఫీసులో చెల్లదా?

ప్రతి ఏడాదీ మనమూ, మన అమ్మానాన్నలూ యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇస్తాం. చదవకుండానే సబ్మిట్ నొక్కేస్తాం, అది వేరే సంగతి. కానీ దాని వెనుక 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, 2009 నాటి యూజీసీ నిబంధనలున్నాయి. చెయ్యి చేసుకోకపోయినా, అవమానించడం, భయపెట్టడం కూడా ర్యాగింగే.

మరి అదే సీనియర్ రేపు ఆఫీసులో మన మేనేజర్ అయితే?

మా పెదనాన్న గారి అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మీటింగులో పదిమంది ముందు "నీకు డిగ్రీ ఎవడిచ్చాడు?" అనేవాడట మేనేజర్. ఆరు నెలలు తిరిగేసరికి అన్నయ్యకి నిద్ర కరువైంది. ఫోన్ మోగితే చేతులు వణికేవి. డాక్టర్ మందులు రాశారు. చివరికి ఉద్యోగం మానేశాడు. మందుల ఖర్చూ తనదే, పోయిన జీతమూ తనదే. పెదనాన్న మాత్రం "ఆ మాత్రం మాటలు ఎవరు పడరురా?" అన్నారు.

అదే ఫ్యాక్టరీలో మిషన్ కింద వేలు నలిగితే అలా అనం. 1923 నుంచే దానికి పరిహార చట్టం ఉంది. ఇప్పుడది 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. వృత్తి రోగాల పట్టికలో సీసం, పాదరసం వల్ల వచ్చే జబ్బులున్నాయి. వేధింపుల వల్ల వచ్చే డిప్రెషన్ లేదు. 2013లో వచ్చిన చట్టమేమో లైంగిక వేధింపులకే పరిమితం.

మన సీనియర్లు చాలామంది వెళ్ళే ఆస్ట్రేలియా సంగతి చూడండి. విక్టోరియా రాష్ట్రంలో ఆఫీసు వేధింపులతో మానసిక జబ్బు వస్తే వర్క్‌కవర్ కింద క్లెయిమ్ వేయొచ్చు. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేయరు. 2024 మార్చి 31 నుంచి నిబంధనలు ఇంకా బిగించారు. డాక్టర్ జబ్బును నిర్ధారించాలి, దానికి ప్రధాన కారణం ఉద్యోగమే అయి ఉండాలి, మామూలు పని ఒత్తిడి లెక్కలోకి రాదు. మేనేజర్ పద్ధతిగా తప్పు ఎత్తిచూపితే దానికీ పరిహారం రాదు.

"ఇక్కడ అలాంటిది పెడితే అందరూ దొంగ క్లెయిములే వేస్తారు" అంటాడు మా రూమ్మేట్. వాడి భయం అర్థమవుతుంది. కానీ నడుం నొప్పి అని కూడా అబద్ధం చెప్పొచ్చు కదా! అలాగని నడుం విరిగినవాడికి పరిహారం ఆపలేదే. కావలసింది గట్టి వడపోత. అసలు తలుపే లేకుండా చేయడం కాదు.

చట్టం వచ్చేలోపు మనం చేయగలిగినవీ ఉన్నాయి. అన్నయ్య దగ్గర రుజువుగా ఒక్క మెయిల్ కూడా లేదు, అన్నీ నోటి మాటలే. అందుకే తేదీతో సహా రాసి పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్లు పారేయకండి.

ప్లేస్‌మెంట్ టాక్‌లో ప్యాకేజీ ఎంత, బాండ్ ఎన్నేళ్ళు అని అడుగుతాం. ఈసారి ఇంకొకటి కూడా అడుగుదాం: "సార్, మేనేజరే వేధిస్తే మేం ఎవరికి చెప్పుకోవాలి?"