తల్లి దిగులు ఈమాన్ లోపం కాదు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు గర్భిణుల, బాలింతల మనోవేదన ఎవరి లెక్కలోకీ రాలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే దారి మూతపడింది. చిల్లా నలభై రోజులూ పక్కన ఉండి ధైర్యం చెప్పవలసిన తల్లి, అక్కచెల్లెళ్లు రాలేకపోయారు. ముస్లిం స్త్రీకి మరో భయం తోడైంది. తబ్లీగీ జమాఅత్ పేరు చెప్పి వ్యాధిని ఒక మతానికి అంటగట్టిన రోజులవి. ముస్లిం అయినందుకే ఆసుపత్రిలో చేర్చుకోలేదని, పుట్టిన బిడ్డ దక్కలేదని ఆ ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఒక కుటుంబం ఆరోపించింది. ఆసుపత్రి ఆ మాటను కాదన్నా, ఆ వార్త విన్న ప్రతి గర్భిణి గుండెలోనూ గుబులు మిగిలింది.

స్వభావతః ఎక్కువగా ఆందోళన చెందేవారు ఇటువంటి కాలంలో త్వరగా కుంగిపోతారన్నది నిజమే. అంతమాత్రాన "ఆమె తీరే అంత", "నమాజు సరిగా చేస్తే ఇలా ఉండదు" అని తేల్చివేయటం అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం గర్భిణులలో దాదాపు 10 శాతం, బాలింతలలో 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతారు. వీరందరికీ ఈమాన్ లోపించిందనగలమా?

ప్రసవవేదనతో ఒంటరిగా ఖర్జూరపు చెట్టును ఆశ్రయించిన హజ్రత్ మర్యమ్ (అ), ఇంతకు ముందే మరణించి ఉంటే బాగుండునని వాపోయినట్లు దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆ మాటకు ఆమెకు మందలింపు ఎదురు కాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, పాదాల చెంత సెలయేరు, పండిన ఖర్జూరాలు లభించాయి. మన ఇళ్లకు ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఏముంది?

ఇంటి బాధ్యతతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. మతం ఆధారంగా వివక్ష లేకుండా మానసిక చికిత్స పొందే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. కాన్పు తరువాత 42 రోజులలోపు ఆశా కార్యకర్తలు పలుమార్లు ఇంటికి వచ్చి శిశువు బరువు, జ్వరం చూస్తారు. తల్లి మనసును కూడా అప్పుడే, ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూలోనే, విచారించాలని మనం కోరాలి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే వైద్యునికి చూపించాలి. టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం. మరో మహమ్మారి వచ్చినా మన తల్లులు ఒంటరివారు కాకూడదు.