పగడపు దీవుల నేల

నేలను నమ్ముకొని బ్రతుకువారికి దాని స్వభావమును గూర్చి యితరులు బోధింప నక్కరలేదు. ఆ నేలకు శాసనములు వ్రాయువారికి మాత్రము బోధింపవలసియే యున్నది. కేరళ తీరమునకు పడమరగా అరేబియా సముద్రమున నున్న లక్షద్వీపముల విషయమున మాకు గలిగిన చింత యిదియే.

దీవులు 36 అని లెక్క; అన్నిటి వైశాల్యము కలిపి 32 చదరపు కిలోమీటర్లు. జనవాసము గలవి 10. 2011 జనాభా లెక్కల ప్రకారము ప్రజలు 64,473 మంది. ఆ నేల మన గోదావరి లంకల ఒండ్రుమట్టి కాదు. పగడములు, గుల్లలు నలిగి యేర్పడిన తెల్లని సున్నపు టిసుక. అందు నీరు నిలువదు, ఎరువు నిలువదు. సున్నము మిక్కుట మగుటచే ఇనుమున్నను మొక్క గ్రహింపజాలదు; ఆకులు పాలిపోవును. కొబ్బరి యొక్కటియే అచట విరివిగా పండుచున్నది. కూరపాదు పెట్టవలెనన్న ఆకు, పేడ కుళ్లబెట్టి ముందుగా మట్టినే తయారు చేసికొనవలయును. పసిఫిక్ సముద్రమందలి తువాలు ప్రజలు మంచినీటి మట్టము వఱకు గోతులు త్రవ్వి, ఆకుటెరువు నింపి, పులక యను దుంపను పండించుకొనిరి. నేల చాలనిచోట నేలను సృష్టించిన అట్టివారికి సేద్యము నేర్పబోవుట సాహసమే.

ఇక ఇండ్ల మాట. అచటి యిసుక క్రింద ఉప్పునీటిపై పలుచని మంచినీటి పొర తేలుచుండును. వాననీరే దానికి ఆధారము. బావులకు యంత్రములు బిగించి మితిమీరి తోడినచో ఉప్పునీరు పైకెక్కును. మరుగుదొడ్ల గోతులు దగ్గర దగ్గరగా త్రవ్వినచో ఆ పొరయే చెడును. సముద్రపు టిసుకతో కాంక్రీటు వేసినచో అందలి ఉప్పు ఇనుపకమ్ములను తినివేయును. పగడపు రాళ్లను పెల్లగించినచో అలలను ఆపు గోడయే కూలును. బంగారము దీవి చెంతనున్న పరళి దిబ్బలలో నొకటి కోతకు గుఱియై మునిగిపోయినట్లు 2017లో వెల్లడియైనది. ఇంతకన్న హెచ్చరిక యేమి కావలయును?

2021లో వెలువడిన అభివృద్ధి ప్రాధికార సంస్థ చిత్తుశాసనము ప్రణాళికల పేర ప్రజల భూములను తీసికొనుటకు విస్తారమగు అధికారమును ప్రతిపాదించినది. ఆ యేడు జూన్ 7వ తేదీన దీవులవారు తమ యిండ్లలోనే ఉపవాసముండి నిరసన తెలిపిరి. వారు అభివృద్ధికి శత్రువులని కొందఱందురు. మే మంగీకరింపము. ఆసుపత్రులు, ఓడలు, ఉద్యోగములు వారికిని కావలయును. 2005లో కవరత్తియందు సముద్రపు పైనీటి వేడిమికిని లోతునీటి చల్లదనమునకును గల భేదముచే దినమునకు లక్ష లీటర్ల మంచినీరు తీయు కర్మాగారము నెలకొల్పిరి. స్థలమునకు దగిన శాస్త్ర మట్టిది.

మేము కోరున దొక్కటియే. ఏ దీవియందైనను పునాది త్రవ్వుటకు ముందు అచటి మంచినీటిని కొలువవలయును. ఆ కొలతను ఆ జనుల భాషలో ప్రకటింపవలయును. వారి సమ్మతిని బడయవలయును. ప్రజల నడుగక వారి నేలను పాలించు పద్ధతి పరప్రభుత్వముతోనే పోవలసినది. స్వరాజ్యమున దానికి తావు లేదు.