గేటు పక్కన తంగేడు

బతుకమ్మ పండగంటే మెట్‌పల్లిలో తంగేడుపూలు ఉండాల్సిందే. ఊరు పెరిగి బీళ్లు ప్లాట్లయ్యాక, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ పూలనే అంగట్లో కొనాల్సి వస్తోంది. పైగా కొమ్మలతో సహా విరిచేస్తే కాయలెలా కాస్తాయి? విత్తనమెక్కడ రాలుతుంది?

అందుకే గేటు పక్కన ఒక్క మొక్కైనా వేసుకోండి. గింజల పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి, రాత్రంతా నాననిచ్చి, తొలకరికి నేరుగా నేలలోనే నాటాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి కుండీలో ఎక్కువరోజులు ఉంచకూడదు. ఎర్రనేలైనా, రాళ్లనేలైనా సరే, ఎండ తగిలితే చాలు. నీళ్లు మాత్రం నిలవకూడదు. పశువులు పెద్దగా ముట్టవు, అదో సుఖం!

పండక్కి పూలగుత్తుల్ని కత్తెరతో కోయండి. నాలుగు కొమ్మల్ని వదిలేస్తే, ఎండుకాయల్లోని గింజలు పక్కింటివాళ్లకూ సరిపోతాయి.