బండి నడిపే బ్యాటరీ వేరు, బేరం నడిపే బ్యాటరీ వేరు

టిఫిన్ బండ్లు, జ్యూస్ బండ్లు, మైకు బండ్ల యజమానులకూ ఆటో ఎలక్ట్రీషియన్లకూ విజ్ఞప్తి

చిన్న ట్రాలీ మీద బాడీ కట్టించి టిఫిన్లో జ్యూసులో అమ్ముకునే బండికి ఇంజిన్ ఆపాకే సంపాదన మొదలవుతుంది. లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్, ఆంప్లిఫయర్ అన్నీ బండి నిలబడి ఉన్నప్పుడే పనిచేయాలి. ఆ కరెంటంతా బ్యాటరీ నుంచే రావాలి కాబట్టి చాలామంది రెండో బ్యాటరీ పెట్టించుకుంటున్నారు. అది మంచి పనే. కానీ దాన్ని మొదటి బ్యాటరీకి ఒక వైరుతో నేరుగా కలిపి వదిలేయడం తప్పు. ఆల్టర్నేటర్ నుంచి రెండో బ్యాటరీ చార్జి కావాలంటే మూడు ఏర్పాట్లు ఉండాలి: ఇంజిన్ ఆగగానే రెండింటినీ విడదీసే సాధనం, రెండు చివర్లా ఫ్యూజులు, తగినంత మందం ఉన్న వైరు. ఈ మూడూ లేని పనిని యజమానులు ఒప్పుకోకూడదు, ఎలక్ట్రీషియన్లు చేయకూడదు. ఈ కరపత్రం కోరేది ఇదే.

ముందుగా రెండో బ్యాటరీ ఎందుకో చూద్దాం. బండితో వచ్చే బ్యాటరీని సెల్ఫ్ కొట్టడానికే తయారు చేస్తారు. రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి కాబట్టి దాని ప్లేట్లు పల్చగా ఉంటాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు లాగి, సగానికి పైగా ఖాళీ చేసి, మళ్లీ నింపడం రోజూ జరిగితే ఆ ప్లేట్లు తట్టుకోలేవు. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీల ప్లేట్లు మందంగా ఉండేది ఆ పని కోసమే. లెక్క కూడా చూడండి. లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ కలిపి సగటున 100 వాట్లు అనుకుందాం. అయిదు గంటలకు 500 వాట్ అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 42 ఆంపియర్ అవర్లు. చిన్న బండి సెల్ఫ్ బ్యాటరీని అది ఒక్క సాయంత్రంలో అడుగంటిస్తుంది. 100 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలోనైతే సగం కూడా తరగదు. పెద్ద సెల్ఫ్ బ్యాటరీ వేస్తే సరిపోతుందనే వాదన ఇక్కడే వీగిపోతుంది. సమస్య సైజులో లేదు, ప్లేట్ల తీరులో ఉంది.

ఇక నేరుగా కలిపితే ఏమవుతుంది? ఇంజిన్ ఆగినా వైరు ఆగదు. రాత్రి బేరం రెండు బ్యాటరీలనూ కలిపి పీలుస్తుంది, తెల్లారి సెల్ఫ్ తిరగదు, బండి తోయాల్సిందే. రెండు బ్యాటరీలు పెట్టుకున్న ప్రయోజనమే పోయింది. ఒకదానిలో ఒక సెల్ పాడైతే అది రెండోదాన్ని కూడా రోజూ కిందికి లాగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టర్ మోటారు రెండో బ్యాటరీ నుంచి కూడా కరెంటు లాగుతుంది. ఆ భారమంతా మధ్యలో ఉన్న సన్న వైరు మీద పడుతుంది. ఫ్యూజు లేని చోట ఆ వైరు బాడీ రేకుకు ఒరుసుకుని ఇన్సులేషన్ తెగితే, రెండు చివర్ల నుంచీ రెండు బ్యాటరీలు తమ శక్తినంతా ఆ ఒక్క చోటే కుమ్మరిస్తాయి. అందుకే ఫ్యూజు ఒకటి చాలదు. ప్రతి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఒకటి ఉండాలి.

విడదీసే సాధనాల్లో చవకైనది రిలే. ఇంజిన్ తిరిగినప్పుడు కలుపుతుంది, ఆగగానే విడదీస్తుంది. దీన్ని తాళం తిప్పగానే పనిచేసేలా కలపకూడదు. అలా కలిపితే సెల్ఫ్ కొట్టే క్షణంలో పెద్ద కరెంటు రిలే గుండానే పోతుంది. ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టాకే రిలే రెండింటినీ కలపాలి. వోల్టేజీ చూసి తనంతట తానే కలిపే రిలేలు ఈ పని చేస్తాయి. మామూలు ఆల్టర్నేటర్, లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పాత బండికి ఇది చాలు. కొత్త బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. ఆ తర్వాతి కొన్ని మోడళ్లలో ఇంధనం ఆదా కోసం ఇంజిన్ కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అది తగ్గించినప్పుడల్లా రిలే విడిపోతుంది, రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. అలాంటి బండికి డీసీ-డీసీ చార్జర్ కావాలి. వచ్చే వోల్టేజీ ఎంతున్నా ఇది రెండో బ్యాటరీకి తగిన 14.4 వోల్టుల వంటి స్థాయికి మార్చి, కరెంటుకు ఒక హద్దు పెట్టి పంపుతుంది. లిథియం బ్యాటరీకైతే ఇది తప్పనిసరి. లిథియం బ్యాటరీ దొరికినంత కరెంటూ లాగేస్తుంది. గంటల తరబడి పూర్తి లోడు మీద నడిస్తే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. చార్జింగ్ మధ్యలో బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ ఉన్నట్టుండి తెంచేస్తే, ఎగిసే వోల్టేజీకి ఆల్టర్నేటర్ డయోడ్లూ బండి ఎలక్ట్రానిక్సూ దెబ్బతినవచ్చు.

వైరు మందం చిన్న విషయం కాదు. ఇంజిన్ నుంచి వెనక బ్యాటరీకి నాలుగు మీటర్లు అనుకుంటే రానూ పోనూ ఎనిమిది. 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ముందు వైపు నుంచి 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంటి వైరింగుకు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో ఆ కరెంటుకు 2.2 వోల్టులు దారిలోనే పోతాయి. 88 వాట్ల శక్తి వైరును వేడి చేయడానికే ఖర్చవుతుంది. 16 స్క్వేర్ ఎంఎం వైరులో పోయేది 0.35 వోల్టు లోపే. వైరు చివర్ల లగ్గులను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించాలి.

వంట బండ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. హైడ్రోజన్ పైకి తేలుతుంది. గాలికన్నా బరువైన వంట గ్యాసు లీకైతే అడుగున పేరుకుంటుంది. కాబట్టి బ్యాటరీ, రిలే సిలిండర్ ఉన్న అరలో గానీ పొయ్యి కింద గానీ ఉండకూడదు. బ్యాటరీకి విడిగా పెట్టె, దాని పైభాగం నుంచి బయటికి గాలి దారి కావాలి. ఆ పెట్టె ఇంజిన్ వేడికి దూరంగా ఉండాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని అంచనా. మన ఎండాకాలానికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

“ఏళ్లుగా నేరుగానే కలుపుతున్నాం, ఏమీ కాలేదు” అనేవాళ్లుంటారు. తోసి స్టార్ట్ చేసిన పొద్దులనూ, గడువుకు ముందే మార్చిన బ్యాటరీలనూ లెక్కలోకి తీసుకోకపోతే ఏమీ కానట్టే ఉంటుంది. ఖర్చు సంగతికొస్తే, పాత బండికి కావలసిన రిలే, రెండు ఫ్యూజుల ధర ఒక కొత్త బ్యాటరీ ధరలో చిన్న వాటా. డీసీ-డీసీ చార్జర్ ఖరీదైనదే, కానీ ఆల్టర్నేటర్ కాలిపోతే అయ్యే ఖర్చుతో, పోయే బేరంతో పోల్చి చూడాలి. బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: రోజుకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి ఆల్టర్నేటర్ ఎంత నింపగలదు? నిజమే, పెద్దగా నింపలేదు. 42 ఆంపియర్ అవర్లను 30 ఆంపియర్లతో నింపాలన్నా గంటన్నర పడుతుంది. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి అయిదో వంతును చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. అలాంటి బండి రాత్రి ఇంటి దగ్గర కరెంటు చార్జర్‌తో నింపుకోవాలి, దారిలో వచ్చేది అదనం అనుకోవాలి. సంతల వెంట, ఊళ్ల వెంట తిరిగే బండ్లకే ఆల్టర్నేటర్ ప్రధాన ఆధారం కాగలదు. ఇంజిన్‌ను ఖాళీగా తిప్పుతూ చార్జి చేయడం మాత్రం ఎవరికీ లాభం కాదు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. తగలబడే డీజిల్ మనది, పొగ తినడానికి వచ్చినవాళ్లది.

యజమానులారా, డబ్బులిచ్చే ముందు రెండు ఫ్యూజులూ కళ్లతో చూడండి. ఇంజిన్ ఆపించి, కాసేపాగి, రెండు బ్యాటరీలూ విడిపోయాయో లేదో మల్టీమీటర్‌తో చూపించమని అడగండి. ఎలక్ట్రీషియన్లారా, వైరు మందం, ఫ్యూజు ఆంపియర్లు, వేసిన తేదీ ఒక చీటీ మీద రాసి బ్యాటరీ పెట్టె మూత లోపల అంటించండి. రేపు ఇంకెవరు మరమ్మతు చేసినా ఆ చీటీ పనికొస్తుంది. తోపుడు బండ్ల, వ్యాన్ల సంఘాలు ఈ చీటీని తమ సభ్యులందరికీ నియమంగా పెట్టాలి. చీటీ లేని రెండో బ్యాటరీని నమ్మకండి.